నెల తప్పడమే గుర్తు కానప్పుడు: బస్తర్‌లో గర్భం ఆలస్యంగా ఎందుకు తెలుస్తోంది?

బస్తర్ గురించి మనకు చేరే వార్తల్లో ఎక్కువ భాగం ఎదురుకాల్పులు, లొంగుబాట్లు, కొత్త క్యాంపుల గురించే. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకున్నాక ఆ లెక్కలే మరింత ముందుకొచ్చాయి. ఆ క్యాంపుల చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధిలో ఉన్న ఊళ్లకు రోడ్డు, రేషన్, బడి, వైద్యం చేర్చడానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ‘నియద్ నెల్లనార్’ పథకం మొదలుపెట్టింది. గోండిలో ఆ మాటకు ‘మీ మంచి ఊరు’ అని అర్థం.

ఊరు మంచిదో కాదో తేల్చే కొలతలు చాలానే ఉన్నాయి. వాటిలో పెద్దగా ఎవరూ అడగనిది ఒకటి ఉంది. ఆ ఊళ్లో ఒక స్త్రీకి తాను గర్భవతినన్న సంగతి ఎన్నో వారంలో తెలుస్తోంది? ఆరో వారంలోనా, పన్నెండో వారంలోనా, కడుపులో బిడ్డ కదిలాకనా?

ప్రభుత్వ లెక్కలు కాన్పును బాగానే పట్టుకుంటున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో తొలి మూడు నెలల్లో వైద్య పరీక్ష అందిన తల్లులు మాత్రం 70 శాతమే. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఆసుపత్రి కాన్పులు 85 శాతం దాటినా, తొలి మూడు నెలల్లో పరీక్ష అందినవారు మూడింట రెండొంతుల దగ్గరే ఆగారు. ఇది రాష్ట్రం మొత్తానికి సగటు. ఇందులో రాయ్‌పూర్, దుర్గ్, బిలాస్‌పూర్ నగరాలూ ఉన్నాయి. అంటే మన వ్యవస్థకు గర్భం ఎక్కడ ముగుస్తోందో తెలుస్తోంది కానీ, ఎక్కడ మొదలవుతోందో అంతగా తెలియడం లేదు. బస్తర్ లాంటి చోట ప్రాణాల మీదికి తెచ్చేది ఆ తెలియని వారాలే.

పుస్తకంలో గుర్తులు, బస్తర్‌లో గుర్తులు

గర్భం తొలి గుర్తులు ఏ పుస్తకం చూసినా దాదాపు ఒకటే. నెలసరి ఆగడం, వేవిళ్లు, అలసట, రొమ్ములు బరువుగా, నొప్పిగా అనిపించడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, కొన్ని వాసనలు పడకపోవడం. కొందరికి నెలసరి రావాల్సిన రోజుల్లోనే ఒకటి రెండు రోజులు కాస్త రక్తం కనిపిస్తుంది. అది మామూలు నెలసరేనని పొరబడేవాళ్లు చాలామంది. వేవిళ్లు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, ఎనిమిది పది వారాల మధ్య ఎక్కువై, పన్నెండు నుంచి పదహారు వారాలకల్లా తగ్గుతాయి. కొందరికి అసలు రానే రావు.

ఈ జాబితా నగరంలో ఉన్న, నెలసరి క్రమంగా వచ్చే, కడుపునిండా తినే స్త్రీకి బాగానే పనిచేస్తుంది. తెలుగులో ‘నెల తప్పింది’ అంటేనే గర్భం దాల్చిందని అర్థం. నెలలు లెక్కపెట్టుకునే వీలు ఉంటుందన్న నమ్మకం మీద నిలబడిన మాట అది. అయితే తప్పడానికి నెలే రాకపోతే?

బస్తర్ పల్లెల్లో అలాంటి పరిస్థితులు అరుదేమీ కాదు. మొదటిది, చంటిబిడ్డకు పాలివ్వడం. ఆదివాసీ తల్లులు ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పాలిస్తారు. కాన్పు తర్వాత తొలి ఆరు నెలల్లో బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టకుండా, నెలసరి కూడా తిరిగి మొదలుకాకుండా ఉంటే మళ్లీ గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ఆరు నెలలు దాటాక ఆ రక్షణ సడలిపోతుంది. అండం ముందు విడుదలవుతుంది, నెలసరి రెండు వారాల తర్వాత వస్తుంది. ఆ మధ్యలో గర్భం నిలిస్తే ఆ తల్లికి రెండు కాన్పుల మధ్య ఒక్కసారి కూడా నెలసరి కనిపించదు. తప్పిన నెలంటూ ఆమె చెప్పలేదు.

రెండోది పోషకాహార లోపం. ఒంట్లో శక్తి చాలనప్పుడు నెలసరి క్రమం తప్పుతుంది, కొన్నిసార్లు నెలల తరబడి ఆగిపోతుంది. మూడోది వయసు. రజస్వల అయిన తొలి ఏళ్లలో నెలసరి స్థిరపడదు. చిన్న వయసులోనే కాపురానికి వెళ్లిన అమ్మాయికి రెండు నెలలు రాకపోవడం కొత్తగా అనిపించదు. నాలుగోది, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ‘అంతర’ గర్భనిరోధక ఇంజెక్షన్. మూడు నెలలకొకసారి వేసుకునే ఈ మందు వాడేవారిలో చాలామందికి నెలసరి ఆగిపోతుంది. ఇంజెక్షన్ గడువు దాటిపోయినా, నెలసరి రాకపోవడం మందు ప్రభావమేననుకుంటారు.

మిగతా గుర్తుల సంగతీ అంతే. వాంతులు, తలతిరుగుడు, నీరసం, ఆకలి మందగించడం: ఇవి వేవిళ్లు కావచ్చు, మలేరియా కావచ్చు, కామెర్లు కావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 60.8 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. సగానికి పైగా స్త్రీలు ఎప్పుడూ అలసిపోయే ఉండే చోట అలసటను గర్భం గుర్తుగా ఎలా పోల్చుకోవాలి? మట్టి, బూడిద తినాలనిపించడాన్ని మనవైపు కూడా వేవిళ్ల కోరికగానే చూస్తారు. ఇనుము లోపించినా అదే కోరిక పుడుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. తెల్లవారకముందే అడవికి వెళ్లి ఎండలో నడుము వంచి పనిచేసే స్త్రీ, నడుం నొప్పికీ కళ్లు తిరగడానికీ పనినే కారణంగా చెప్పుకుంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు.

కాబట్టి ‘గిరిజన మహిళలకు అవగాహన లేదు’ అనే మామూలు వివరణ ఇక్కడ సరిపోదు. ఆమెకు తన ఒళ్లు తెలుసు. ఆ ఒళ్లు పంపే సంకేతాలే ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయాలంటే లక్షణాల పట్టిక చాలదు, పరీక్ష కావాలి.

ఆలస్యమైతే పోయేదేమిటి?

గర్భం వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. నెల తప్పే రోజుకే అది నాలుగో వారం. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం ఆరో వారానికల్లా మూసుకుపోతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎక్కువగా కాపాడేది ఆ దశలోనే. మూడో నెలలో తెలిసిన గర్భానికి ఆ అవకాశం అప్పటికే దాటిపోయింది. ఇప్పసారా, జీలుగు కల్లు, పొగాకు మానుకోవాలా వద్దా అని ఆమె నిర్ణయించుకోవాలన్నా ముందు సంగతి తెలియాలి కదా.

బస్తర్‌కు ప్రత్యేకమైన ప్రమాదం మలేరియా. 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేశారు. పాజిటివ్ వచ్చినవారిలో పెద్ద సంఖ్యలో మనుషులకు ఏ లక్షణమూ లేదు. గర్భిణిలో ఇలా మౌనంగా ఉండే మలేరియా మరీ చెడ్డది. పరాన్నజీవులు మాయలో చేరి బిడ్డకు అందాల్సిన పోషణను దెబ్బతీస్తాయి. తల్లికి రక్తహీనత పెరుగుతుంది, గర్భస్రావం కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు.

చికిత్స దగ్గర కూడా గర్భం సంగతి తెలియాలి. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వకూడదు. ఫాల్సిపేరం మలేరియాకు మన జాతీయ మార్గదర్శకాలు తొలి మూడు నెలల గర్భిణికి చాలాకాలం క్వినైన్‌నే సూచించాయి. ఆర్టెమీథర్-ల్యూమెఫాంట్రిన్ కలయికను తొలి మూడు నెలల్లోనూ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో సిఫార్సు చేసింది. బోదకాలు నివారణకు ఊరందరితో మింగించే మాత్రలకూ గర్భిణులను మినహాయిస్తారు. ఈ జాగ్రత్తలన్నీ ‘మీరు గర్భవతా?’ అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరికితేనే పనిచేస్తాయి. ఆమెకే తెలియనప్పుడు ‘కాదు’ అనే చెబుతుంది. కార్యకర్త రిజిస్టర్‌లో అదే రాసుకుంటాడు.

సికిల్ సెల్ వ్యాధి సంగతీ ఇంతే. దాన్ని నిర్మూలించడానికి కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ మిషన్ ప్రారంభించింది. మధ్య భారత ఆదివాసీ సమాజాల్లో ఈ జన్యు లక్షణం గణనీయంగా ఉంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. కడుపులోని బిడ్డకు ఉందో లేదో చూసే తొలి పరీక్షను పది నుంచి పదమూడు వారాల మధ్య చేస్తారు, ఉమ్మనీటి పరీక్షను పదిహేను వారాల తర్వాత. అదీ పెద్ద ఆసుపత్రుల్లోనే. అయిదో నెలలో నమోదైన గర్భిణి చేతిలో వాహకురాలని రంగు కార్డు పెట్టినా దాంతో ఆమె చేయగలిగేది తక్కువ.

గర్భం వద్దనుకునే స్త్రీకి ప్రతి వారమూ లెక్కే. మాత్రలతో గర్భస్రావానికి చట్టబద్ధమైన పరిమితి తొమ్మిది వారాలు. 2021 సవరణ తర్వాత ఒక వైద్యుడి అభిప్రాయంతో ఇరవై వారాల వరకు, అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొన్ని వర్గాలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో ఇరవై నాలుగు వారాల వరకు వీలుంది. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉన్న బాలిక విషయంలో ఆలస్యమంటే చదువు, ఆరోగ్యం, నేరానికి సాక్ష్యం మూడూ చేజారడమే.

అన్నిటికంటే ప్రమాదకరం అండనాళంలో గర్భం నిలవడం. పొత్తికడుపులో ఒకపక్క తీవ్రమైన నొప్పి, కాస్త రక్తస్రావం, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం నొప్పి దీనికి సూచనలు. గర్భం ఉందని తెలిసిన స్త్రీ ఈ నొప్పి వస్తే ఆసుపత్రికి పరుగెత్తుతుంది. తెలియని స్త్రీ కడుపునొప్పి మాత్ర వేసుకుని పడుకుంటుంది. నాళం పగిలితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. వాగు దాటాల్సిన ఊళ్లో ఆ గంటలు కూడా దొరకవు.

పరీక్ష ఉంది, మనిషీ ఉంది

విచిత్రమేమిటంటే దీనికి కావాల్సిన సాధనం ఎప్పుడో వచ్చేసింది. ఆరోగ్య మిషన్ కింద ఆశా కార్యకర్తలకు ‘నిశ్చయ్’ పేరుతో గర్భ పరీక్ష పట్టీలు ఇస్తున్నారు. తెల్లవారి తొలి మూత్రం రెండు మూడు చుక్కలు వేస్తే ఐదు నిమిషాల్లో ఫలితం. ఒక గీత వస్తే గర్భం లేనట్టు, రెండు గీతలొస్తే ఉన్నట్టు. అసలు గీతే రాకపోతే పట్టీ పాడైనట్టు. గర్భంలో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ను ఇది పట్టుకుంటుంది. మరీ తొందరపడి చేస్తే లేదని చూపవచ్చు కాబట్టి వారం ఆగి మళ్లీ చేయాలి. గర్భం గర్భాశయంలో ఉందో, నాళంలో ఉందో ఈ పట్టీ చెప్పదు. ఉందో లేదో చెబుతుంది. బస్తర్‌లో మొదట కావాల్సింది అదే.

మనిషి కూడా ఉంది. దేశంలో ఆశా వ్యవస్థ 2005లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 2002లో, ఛత్తీస్‌గఢ్ ‘మితానిన్’ కార్యక్రమం ప్రారంభించింది. మితానిన్ అంటే నేస్తం. పేట పేటకూ అక్కడి స్త్రీనే ఎంచుకుని శిక్షణ ఇవ్వడం దాని ప్రత్యేకత. రాష్ట్రంలో దాదాపు 70 వేల మంది మితానిన్‌లున్నారు. ఆశా పథకానికి నమూనాగా నిలిచిన అనుభవాల్లో ఇదొకటి. కాన్పు కోసం తీసుకెళ్లడానికి 102 ‘మహతారీ ఎక్స్‌ప్రెస్’ వాహనాలు ఉన్నాయి. 2019 అక్టోబరు 2 నుంచి వారపు సంతల్లో ‘హాట్ బజార్ క్లినిక్’లు నడుస్తున్నాయి. బస్తర్‌లో సంతంటే సరుకులు కొనే చోటు మాత్రమే కాదు. బంధువులను కలిసేదీ, కబురు పంపేదీ అక్కడే. ఆసుపత్రికి రాని స్త్రీ సంతకు తప్పక వస్తుంది.

మరి లోపం ఎక్కడ? మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది, పరీక్షను అడిగినవారికే ఇవ్వడం. నెల తప్పిందని అనుమానించిన స్త్రీ వచ్చి అడిగితే పట్టీ బయటికి వస్తుంది. బస్తర్‌లో ఆ అనుమానమే రాదని పైన చూశాం. రెండోది, ప్రోత్సాహకాలన్నీ కాన్పు వైపే మొగ్గడం. జననీ సురక్ష యోజన కింద గ్రామీణ తల్లికి 1,400 రూపాయలు వచ్చేది ఆసుపత్రి కాన్పుకు. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదట వంద యాభై రోజుల్లోపు నమోదుకు ఒక వాయిదా ఉండేది. 2022లో మార్చిన నిబంధనల్లో ఆరు నెలల్లోపు నమోదు, ఒక పరీక్ష ఉంటే తొలి 3,000 రూపాయలు వస్తాయి. మూడో నెలలోనే రమ్మని చెబుతూ ఆరో నెల దాకా గడువిస్తే ఆ మాటకు బలం ఎక్కడిది?

మూడోది, భయం. గర్భ పరీక్ష అన్నిచోట్లా స్త్రీకి మేలు కోసమే జరగలేదు. 2023 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని దిండోరీ జిల్లాలో, ఆదివాసీ వధువులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ సామూహిక వివాహాల ముందు గర్భ పరీక్షలు చేశారన్న వార్త పెద్ద దుమారం రేపింది. పరీక్షలు సికిల్ సెల్ కోసమేనని అధికారులు వివరణ ఇచ్చారు. వివరణ ఏదైనా, మూత్రపరీక్ష అడిగితే తన గుట్టు ఊరికెక్కుతుందన్న జంకు ఇలాంటి ఒక్క ఉదంతంతో పాతుకుపోతుంది. ఆయుధం పట్టిన మనుషులు రెండువైపులా తిరిగిన ఊళ్లలో, పేరూ వివరాలూ రాసుకునే ఎవరినైనా అనుమానంగా చూడటం ఇరవై ఏళ్ల అలవాటు.

గోదావరికి ఇవతల

ఇది ఛత్తీస్‌గఢ్ సమస్య మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, ఇప్పటి సుక్మా ప్రాంతాల నుంచి వేలమంది పారిపోయి వచ్చి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, చింతూరు అడవుల్లో స్థిరపడ్డారు. సల్వా జుడుం ప్రత్యేక పోలీసు అధికారుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో చెప్పినా, వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. వీళ్లు కాక, ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ఏరడానికి సరిహద్దు దాటి వచ్చే కూలీలు వేరు. పురుగుమందు బాగా కొట్టే పంటల్లో మిర్చి ఒకటి. ఆ చేలల్లో పనిచేసే స్త్రీలలో ఎందరికి తొలి వారాలు అక్కడే గడుస్తున్నాయో ఎవరూ అడగరు. పొలం యజమానికి ఆమె కూలి, ఆశా కార్యకర్తకు ఆమె పక్క రాష్ట్రం మనిషి.

కాన్పు వేళకు మాత్రం వాళ్లలో చాలామంది భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వస్తారు. సరిహద్దుకు అవతల ఉన్న కొంటా, బీజాపూర్ పల్లెలకు కూడా ఆ ఆసుపత్రే పెద్ద దిక్కు. వచ్చే ఆమె చేతిలో తల్లీబిడ్డల కార్డు ఉండదు, ఉన్నా హిందీలో ఉంటుంది. చివరి నెలసరి తేదీ ఉండదు. బిడ్డకు నెలలు నిండాయో లేదో ఆ క్షణంలో వైద్యులు అంచనా వేసుకోవాలి. తొలి వారాల్లో చేసే స్కానింగ్ నెలల లెక్కను కొద్ది రోజుల తేడాతో చెప్పగలదు. చివరి నెలల్లో చేసేది వారాల తేడాతో కానీ చెప్పలేదు. 2018-20 నమూనా నమోదు లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, ఛత్తీస్‌గఢ్‌లో 137. అంత తేడా ఉన్న రెండు వ్యవస్థల మధ్య ఈ స్త్రీలు రాకపోకలు సాగిస్తున్నారు, తమ వైద్య చరిత్రను మాత్రం వెంట తెచ్చుకోలేకపోతున్నారు.

ప్రశ్న మారాలి

కొత్త భవనాలు లేకుండానే చేయగలిగిన పనులు నాలుగున్నాయి.

ఒకటి, ‘నెల తప్పిందా?’ అని మాత్రమే అడగడం మానాలి. కాన్పై ఎన్నాళ్లైంది, బిడ్డకు ఇంకా పాలిస్తున్నావా, నెలసరి మళ్లీ మొదలైందా, అంతర ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నావు అని అడగాలి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీకి జ్వరానికి రక్తపరీక్ష చేసే ప్రతిసారీ ఈ నాలుగు ప్రశ్నలూ వేసి, సందేహం ఉంటే, ఆమె ఒప్పుకుంటే, పట్టీ కూడా ఇవ్వాలి. మలేరియా పరీక్ష కోసం ఇంటింటికీ వెళ్లగలిగిన యంత్రాంగానికి ఇది అదనపు భారం కాదు.

రెండు, ఆ ప్రశ్నలు ఆమె భాషలో ఉండాలి. గోండి, హల్బీ, ధుర్వా, దోర్లీ మాట్లాడే స్త్రీలను హిందీలో అడిగి తల ఊపితే జవాబనుకోకూడదు. తెలుగు మాటలు బాగా కలిసిన దోర్లీ మాట్లాడేవాళ్లకు సరిహద్దు ఇవతలి కోయ నర్సులు, ఆశాలు కూడా సాయపడగలరు.

మూడు, ఫలితం ఆమెదే కావాలి. పట్టీని ఆమె చేతికిచ్చి, చూడటం నేర్పి, ఎవరికి చెప్పాలో ఆమెకే వదిలేయాలి. నమోదు ఆ తర్వాతి మెట్టు. గుట్టు నిలుస్తుందన్న నమ్మకం కుదిరితే నమోదూ పెరుగుతుంది.

నాలుగు, మూడు రాష్ట్రాల మధ్య కార్డు చెల్లాలి. బీజాపూర్‌లో ఇచ్చిన కార్డును చర్లలో నమ్మాలి, చర్లలో చేసిన స్కానింగ్ కొంటాలో కనిపించాలి. మిర్చి కోతల కాలంలో కూలీల గుడిసెల దగ్గరికి ఆశాలు వెళ్లడానికి, ఆ పనికి వాళ్లకు డబ్బు ఇవ్వడానికి ఉమ్మడి ఏర్పాటు ఉండాలి.

క్యాంపులు వచ్చిన ఊళ్లకు ఇప్పుడు రోడ్లు వస్తున్నాయి. కొన్నాళ్లకు అంబులెన్సూ వస్తుంది. నొప్పులు మొదలైన స్త్రీని అది ఆసుపత్రికి చేర్చగలదు కానీ, ఆరో వారంలో వేసుకోవాల్సిన మాత్రను తొమ్మిదో నెలలో తెచ్చి ఇవ్వలేదు. ‘మీ మంచి ఊరు’ లెక్కల్లో రోడ్డు కిలోమీటర్ల పక్కన ఇంకో గడి ఉండాలి. ఆ ఊళ్లో నమోదైన గర్భాల్లో పన్నెండు వారాల్లోపు తెలిసినవి ఎన్ని అన్నది అందులో నింపాలి. ఆ అంకె ప్రతి మూడు నెలలకూ బయటపెడితే, బస్తర్ పల్లెల్లో మార్పు ఎంతవరకు వచ్చిందో ఎవరి ప్రకటనా లేకుండానే తెలుస్తుంది.